పోరస్ గ్లాస్‌కీ, ఫాస్ఫర్‌కీ పాజిట్రాన్ లైఫ్‌టైమ్ తీయిస్తే ఉపయోగం ఉంటుందా?

మీ దగ్గర పోరస్ గ్లాస్ (సన్నటి రంధ్రాలున్న గాజు) ఒకటి, యూరోపియం కలిపిన ఆక్సైడ్ ఫాస్ఫర్ (వెలుగునిచ్చే పొడి) ఒకటి ఉన్నాయి, రెండింటికీ ఈ కొలత, అంటే పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌కి ధనావేశపు ప్రతిరూపం) వాటిలో ఎంతసేపు బతుకుతుందో చూసే కొలత, చేయించాలా అని అడిగారు. గ్లాస్‌కైతే కళ్లు మూసుకుని చేయించండి. ఫాస్ఫర్‌కి మాత్రం కాస్త ఆగండి.

గ్లాస్‌లో మనకు కబురు తెచ్చేది పాజిట్రోనియం. సోడియం-22 అనే రేడియోధార్మిక సోర్స్ నుంచి వచ్చిన పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌తో జతకట్టి రంధ్రంలో చేరుతుంది, ఆ జంటే పాజిట్రోనియం. ఇందులో ఎక్కువసేపు బతికే ఆర్థో రకం శూన్యంలో 142 నానోసెకన్లు బతుకుతుంది. రంధ్రం ఇరుకైన కొద్దీ గోడలకు ఎక్కువసార్లు తగిలి త్వరగా పోతుంది. వైకోర్ లాంటి గాజులో రంధ్రాలు సుమారు 4 నానోమీటర్లు, అక్కడ పదుల నానోసెకన్లు వస్తుంది.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మా సెటప్ అంతకుముందు లోహాలకు వాడినది, టైమ్ రేంజ్ 50 నానోసెకన్లే. స్పెక్ట్రమ్‌లో (ఏ ఆయుష్షుకి ఎన్ని పాజిట్రాన్లో చూపే గ్రాఫ్) పీక్‌కి కుడివైపు బ్యాక్‌గ్రౌండ్ ఎత్తుగా కనిపించింది. సోర్స్ ఘాటు ఎక్కువైందేమోనని వారం రోజులు దాంతోనే కుస్తీ పట్టాను. అదే నిజమైతే ఎడమవైపు కూడా అంతే పెరగాలి కదా, అప్పుడు తట్టలేదు! రేంజ్‌ని 1 మైక్రోసెకనుకు మార్చాక ఆ 'బ్యాక్‌గ్రౌండ్' నెమ్మదిగా వాలుతూ వచ్చింది. నేను వెతుకుతున్న సిగ్నల్ అదే.

ఇంకోసారి, వానాకాలంలో, గాజు ముక్కల్ని మూతలేని డిష్‌లో రాత్రంతా వదిలేశాను. పొద్దున కొలిస్తే నెమ్మదిగా వాలే ఆ పొడవాటి తోక దాదాపు మాయం, 1.5-2 నానోసెకన్ల మధ్య భాగం పెరిగింది. నీళ్లలో ఆర్థో పాజిట్రోనియం ఆయుష్షు సుమారు 1.8 నానోసెకన్లు. అంటే నేను కొలిచింది గాజును కాదు, అది తాగిన తేమను. వాక్యూమ్‌లో వేడిచేస్తే తోక తిరిగొచ్చింది. గాలిలోని ఆక్సిజన్ కూడా ఆయుష్షు తగ్గిస్తుంది కాబట్టి వాక్యూమ్‌లోనే కొలవమని పట్టుబట్టండి.

లెక్కలో టావో-ఎల్డ్రప్ సూత్రాన్ని (ఆయుష్షు నుంచి రంధ్రం సైజు తీసే సూత్రం) యథాతథంగా వాడకండి. అది సుమారు 1 నానోమీటరు వ్యాసార్థం దాకా సరిపోతుంది, ఆపైన విస్తరించిన మోడల్ కావాలి.

ఫాస్ఫర్ కథ వేరు. ఆక్సైడ్ గింజ లోపల మామూలుగా పాజిట్రోనియం ఏర్పడదు. పాజిట్రాన్ నేరుగా రుణావేశం ఉన్న ఖాళీల్లో, అంటే లోహ అయాన్ లేచిపోయిన చోట్ల, చిక్కుకుంటుంది. ఉదాహరణకు, స్ట్రాన్షియం ఉన్న ఆక్సైడ్‌లో స్ట్రాన్షియం 2+ స్థానంలో యూరోపియం 3+ కూర్చుంటే ఆవేశం సరిపెట్టడానికి అలాంటి ఖాళీలు రావచ్చు. వాటిని చూడాలంటే ఇది మంచి దారి. ఆక్సిజన్ ఖాళీలు మాత్రం ధనావేశంతోనో తటస్థంగానో ఉంటాయి, పాజిట్రాన్ వాటి జోలికి పోదు. మీ ఫాస్ఫర్ ఆఫ్టర్‌గ్లోకి (వెలుతురు ఆపాక కూడా మిగిలే మెరుపుకి) కారణం ఆక్సిజన్ ఖాళీలే అని దీంతో రుజువు చేద్దామనుకుంటే టైమ్ వేస్ట్, ఆ మెరుపుని ఆపి ఉంచే ట్రాప్‌ల లోతు కోసం ముందు థర్మోల్యూమినెసెన్స్ (వేడిచేస్తూ వచ్చే వెలుగుని కొలవడం) తీయించండి. పొడిని నొక్కి పెల్లెట్ (బిళ్ల) కూడా చేయాలి, లేకపోతే గింజల మధ్య సందులే పెద్ద రంధ్రాల్లా కనిపించి తికమక పెడతాయి.

ల్యాబ్‌కి పంపేటప్పుడు ఒకేలాంటి ముక్కలు రెండు పంపండి, సోర్స్‌ని వాటి మధ్య పెడతారు. గాజు మందం 1.5-2 మిల్లీమీటర్లు ఉంటే పాజిట్రాన్లు అవతలికి దాటిపోవు.