షూటింగ్ రేంజ్‌లో పక్కన నించుని చూసేవాళ్ళకి ప్రమాదం ఉందా? నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: తమ్ముడు రైఫిల్ ప్రాక్టీసుకి వెళ్తుంటే మీరు తోడు వెళ్తున్నారు. పక్క లేన్‌లో ఎవరో పెద్ద రైఫిల్ పేల్చినప్పుడల్లా ముఖం మీద గాలితో చరిచినట్టుంటోంది, ఛాతీ అదురుతోంది. ఇది ప్రమాదమా, ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు.

నేనూ మీలా పక్కన నించున్నవాణ్ణే. తుపాకీ పట్టింది మా అబ్బాయి, చెవి పాడుచేసుకున్నది నేను. మొదట్లో వాడు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసు చేసేవాడు. దాని చప్పుడికి భయపడాల్సిందేమీ లేదు. ఏడాదిపాటు వెనక కుర్చీలో కూర్చుని పేపరు చదువుకున్నాను. ఆ అలవాటే కొంప ముంచింది. వాడు పాయింట్ 22 రైఫిల్‌కి మారి వేరే రేంజ్‌కి వెళ్ళాక కూడా నేను అదే ధీమాతో ఉన్నాను. ఒకరోజు వాడి గురి ఎలా ఉందో చూద్దామని ముందుకి జరిగి, ఫైరింగ్ లైన్‌కి, అంటే పేల్చేవాళ్ళు ఉండే వరసకి, దాదాపు సమానంగా పక్క గోడ దగ్గర నించున్నాను. చెవుల్ని పూర్తిగా కప్పే మఫ్స్ పెట్టుకునే ఉన్నాను. పక్కాయన ఏదో అడిగితే వినబడక ఒకవైపు మఫ్ పైకెత్తాను. సరిగ్గా అప్పుడే రెండు లేన్ల అవతల పెద్ద రైఫిల్ పేలింది. ఒక్కటంటే ఒక్క రౌండు. ఎడమ చెవిలో ఈల మొదలైంది, దూది కుక్కినట్టు మూసుకుపోయింది. మూడు రోజులకి వినికిడి చాలావరకు తిరిగొచ్చింది. ఈల మాత్రం ఇల్లంతా నిద్రపోయాక ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ రోజు నాకు అర్థమైంది ఏమిటంటే, ట్రిగ్గర్ నొక్కేవాడికి ఎప్పుడు పేలుతుందో తెలుసు. పక్కవాడికి తెలీదు. మాట్లాడేది, మఫ్ ఎత్తేది, ఫోన్ చూసుకునేది, మెడ సాచి ముందుకొచ్చేది మనమే.

ఇక ఆ గాలిదెబ్బ సంగతి. తూటా తుపాకీ గొట్టం దాటగానే దాన్ని తోసుకొచ్చిన వేడి వాయువులు ఒక్కసారిగా బయటపడి వ్యాకోచిస్తాయి. ఆ పీడన తరంగమే మీ ముఖానికి తగిలేది. దాన్నే మజిల్ బ్లాస్ట్ అంటారు. గొట్టం పొట్టిదైతే దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే వాయువులు బయటికొచ్చేసరికి వాటి పీడనం ఇంకా ఎక్కువగానే ఉంటుంది. సాధారణ రైఫిల్‌కి కొన్ని మీటర్ల దూరంలో ఉంటే ఆ అదురుకి మీ ఊపిరితిత్తులకి ఏమీ కాదు, ఆ టెన్షన్ అక్కర్లేదు. ఇలాంటి పీడనానికి శరీరంలో అన్నిటికంటే ముందు లొంగేది చెవి.

పెద్దవాళ్ళకి ఇలాంటి హఠాత్ శబ్దానికి హద్దుగా 140 డెసిబెల్స్ చెప్తారు. పిల్లలకి 120. చిన్నదనుకునే పాయింట్ 22 రైఫిలే దాదాపు 140 దగ్గరికి వస్తుంది. పెద్ద రైఫిళ్ళు 160 కూడా దాటతాయి. చూడ్డానికి తేడా 20 అంకెలే అయినా పీడనం పది రెట్లు. ఒకటి రెండు సార్లకి ఏమవుతుందిలే అనుకునే స్థాయి కాదిది. లోపలి చెవిలో దెబ్బతిన్న సున్నితమైన కణాలు మళ్ళీ మొలవవు.

ఇప్పుడు మీ ముఖం మీద చరిచేదాని గురించి. ఆ రైఫిల్ గొట్టం చివర పక్కలకి చీలికలున్న లావుపాటి ముక్క ఉందేమో గమనించండి. అది మజిల్ బ్రేక్. పేల్చేవాడి భుజానికి కుదుపు తగ్గించడానికి వాయువుల్ని పక్కలకి, కొంచెం వెనక్కి తిప్పుతుంది. ఆయన భుజం నొప్పిని మీ చెవులకి పంచుతుందన్నమాట! మామూలుగా బ్లాస్ట్ ముందుకే ఎక్కువ పోతుంది, వెనక తక్కువ. బ్రేక్ ఉంటే ఆ లెక్క తప్పుతుంది. నేను నించున్న గోడ పక్క చోటు అన్నివిధాలా చెడ్డది: తుపాకీకి పక్కగా ఉన్నాను, పైగా గోడ శబ్దాన్ని తిప్పి నామీదికే కొట్టింది. పైకప్పు, లేన్ల మధ్య అడ్డుపలకలు కూడా అంతే. మూసి ఉన్న రేంజ్‌లో అయితే చెప్పక్కర్లేదు.

కాబట్టి ముందు చోటు మార్చండి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తుపాకీకి 2 మీటర్ల దూరంలో నించునే బదులు 8 మీటర్ల దూరంలో నించుంటే 12 తగ్గినట్టే, అదీ ఖర్చు లేకుండా. ఫైరింగ్ లైన్‌కి సూటిగా వెనక, గోడకి దూరంగా ఉండండి. బ్రేక్ ఉన్న రైఫిల్ వస్తే రేంజ్ ఆఫీసర్‌ని అడిగి దాన్నుంచి దూరపు లేన్ తీసుకోమని తమ్ముడికి చెప్పండి. మొహమాటపడాల్సిన పని లేదు, అక్కడ ఇది మామూలు విషయమే.

ప్లగ్స్ ఒక్కటే చాలా అంటే, పెద్ద రైఫిల్ దగ్గర చాలవు. ప్లగ్స్ మీద మఫ్స్ కూడా పెట్టుకోండి. రెండూ కలిపితే రెండింతల రక్షణ వస్తుందనుకోకండి, అదనంగా వచ్చేది సుమారు 5 నుంచి 10 డెసిబెల్స్. అయినా అది అక్కడ విలువైనదే. నాకు అంతకంటే ముఖ్యమైన లాభం ఇంకొకటుంది: పొరపాటున మఫ్ ఎత్తినా లోపల ప్లగ్ ఉంటుంది. ఫోమ్ ప్లగ్‌ని సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. సగం బయటికి కనిపిస్తుంటే అది అలంకారమే. కళ్ళజోడు కాడలు లావుగా ఉంటే మఫ్‌కి, తలకి మధ్య సందు పడుతుంది, సన్న కాడలవి చూసుకోండి. మాటలు వినబడక ఇబ్బందైతే ఎలక్ట్రానిక్ మఫ్స్ ఉన్నాయి. అవి మాటని వినిపించి పేలుడుని ఆపుతాయి. నేను తర్వాత కొన్నది అవే.

కళ్ళకి కూడా సేఫ్టీ గ్లాసెస్ కావాలి. ఖాళీ తూటా గొట్టాలు ఎగిరి పడతాయి, పడుకుని పేల్చేటప్పుడు బ్రేక్ నేలమీది మట్టిని లేపి కొడుతుంది. రివాల్వర్ అయితే సిలిండర్‌కి, గొట్టానికి మధ్య సందులోంచి వేడి వాయువు, సీసపు రజను పక్కకి చిమ్ముతాయి, దానికి సమానంగా పక్కన అసలే నించోకూడదు. ఇంటికెళ్ళేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం గురించే.

పసిపిల్లల్ని, గర్భిణుల్ని తోడు తీసుకెళ్ళొద్దు. మఫ్స్ తల్లికి పెడతాం, కడుపులో బిడ్డకి పెట్టలేం కదా.

మీకు ఇప్పటికే చెవిలో ఈలగానీ, మూసుకుపోయినట్టుగానీ ఉంటే నాలా మూడు రోజులు ఎదురుచూడకండి. మర్నాటికి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి. తగ్గినా సరే, చెవి కుదుటపడేదాకా రేంజ్ వైపు వెళ్ళకండి. తమ్ముడు ఆ వారం ఒక్కడే వెళ్ళొస్తాడు.