విడిపోయి రెండేళ్లయినా తనని వదల్లేకపోతున్నాను, ఏం చేయాలి?

రోజుకి నాలుగైదుసార్లు తన ప్రొఫైల్ తెరుస్తున్నానని, పాత చాట్ చదవందే నిద్ర పట్టడం లేదని రాశారు. మొదలుపెట్టాల్సింది అక్కడే. అంతగా ప్రేమించాను కాబట్టే మర్చిపోలేకపోతున్నానని మీకు అనిపిస్తుంది. కానీ ఎంత గాఢమైన ప్రేమైనా రోజూ కెలక్కపోతే నెమ్మదిస్తుంది. మీరు రెండేళ్లుగా కెలుకుతూనే ఉన్నారు.

ప్రేమించినవాళ్లు కాదన్నా ఇంకా ప్రేమిస్తూనే ఉన్న 15 మందికి ప్రేమపై పరిశోధించిన మానవ శాస్త్రవేత్త హెలెన్ ఫిషర్ బృందం వాళ్ల మాజీల ఫొటోలు చూపించి మెదడు స్కాన్ చేసింది. ఆ అధ్యయనం 2010లో వచ్చింది. కొకైన్ కోసం తహతహలాడేటప్పుడు పనిచేసే భాగాలే అప్పుడూ చురుగ్గా కనిపించాయి. విడిపోయి ఎక్కువ రోజులైనవాళ్లలో మాత్రం అనుబంధానికి సంబంధించిన ఒక భాగంలో ఆ చురుకు తక్కువగా ఉంది. అంటే కాలం తన పని తాను చేస్తుంది, మనం అడ్డుపడకపోతే.

తన పేజీలో ఎప్పుడో ఒకసారి గానీ కొత్తదేమీ కనిపించదు. అదే అసలు చిక్కు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని దానికోసం వెతికే అలవాటే అన్నిటికంటే మొండిది.

అందుకని అన్ని యాప్‌లలోనూ ఒకే రోజు బ్లాక్ చేయండి. మ్యూట్ చాలదు, పేరు వెతికితే మళ్లీ దొరుకుతుంది. చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఫొటోలతో సహా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నమ్మకమైన స్నేహితుడికి ఇచ్చేయండి, ఆ తర్వాత ఫోన్లోంచి తీసేయండి. ఒక్కసారిగా చెరిపేయమంటే చాలామందికి చేయి రాదు, ఇలా అయితే వస్తుంది. గూగుల్ ఫొటోస్ మెమరీస్ సెట్టింగ్స్‌లో తన ముఖాన్ని దాచేయండి. తన కబుర్లు చెప్పొద్దని ఇద్దరికీ తెలిసిన స్నేహితులతో ముందే అనేయండి. ఇంకో అకౌంట్‌తో తొంగిచూస్తే ఇదంతా వృథా.

మొదటి రోజుల్లో చూడాలనే కోరిక తగ్గకపోగా పెరుగుతుంది. చాలామంది "ఇది నా వల్ల కాదు" అని వదిలేసేది ఇక్కడే. అలవాటుగా దొరికేది ఆగినప్పుడు అలా ఎగదన్నడం మామూలే. ఫోన్ వేరే గదిలో పెట్టి నడకకి వెళ్లండి. ఒక్కో ఉద్ధృతి సాధారణంగా అరగంటలోపే దిగిపోతుంది.

ఇక ఆలోచనల సంగతి. తలుచుకోకూడదని పట్టుబట్టకండి. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నకొద్దీ అదే గుర్తొస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ 1987లోనే చూపించాడు. దానికి బదులు రోజూ సాయంత్రం ఒకే వేళకి ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చుని రాయండి, మంచం మీద మాత్రం వద్దు. తను బాధపెట్టిన సందర్భాలు కూడా రాయండి, ఎందుకంటే జ్ఞాపకం మంచివాటినే ఏరుకుంటుంది. అవి రాసిన రోజు మనసు ఇంకాస్త భారంగా ఉండొచ్చు, అది సహజమే. మిగతా వేళల్లో గుర్తొస్తే "సాయంత్రం చూద్దాం" అనుకుని చేతిలో పనికి తిరిగి రండి.

"చివరిసారి ఒక్కసారి మాట్లాడితే తేలిపోతుంది" అనే కోరికని నమ్మకండి. ఆ మాటల్లోంచి మరో పది ప్రశ్నలు పుడతాయి.

మధ్యలో ఒకరోజు జారి చూసేస్తే, మళ్లీ బ్లాక్ చేసి అదే రోజు నుంచి కొనసాగించండి. అయితే వారాల తరబడి తిండీ నిద్రా లేకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఈరోజే ఎవరికైనా చెప్పి, వాళ్లని తోడు తీసుకుని వెళ్లండి.

ఇద్దరూ ఒకేచోట పనిచేస్తుంటే బ్లాక్ కుదరకపోవచ్చు. అప్పుడు పని మాటలు మాత్రమే, వీలైనంతవరకు మెయిల్‌లోనే. భోజనానికి వెళ్లే వేళ మార్చుకోండి.