గణకి, గణిక, గణకురాలు

సందేహం: అమెరికాలో తయారైన తొలితరం ఎలక్ట్రానిక్ యంత్రం ఎనియాక్ కంప్యూటర్‌కు మొదటి ప్రోగ్రాములు తయారుచేసిన ఆరుగురు స్త్రీల గురించి మా కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తున్నాను. అంతకుముందు వారు చేసిన ఉద్యోగం పేరే ‘కంప్యూటర్’ అట. అంటే లెక్కలు కట్టే మనిషి. దానికి ‘గణకుడు’ బాగుందనిపించింది. కానీ స్త్రీని ఏమనాలి? గణకి, గణిక, గణకురాలు – వీటిలో ఏది ఒప్పు? మా సంపాదకులు ‘మహిళా గణకుడు’ అని దిద్దారు.
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: ముందుగా ‘మహిళా గణకుడు’ కొట్టేయండమ్మా. చివర డు-వర్ణం పెట్టి మగవాడని చెబుతూ, ముందు మహిళ అని తగిలించడం ఏం తెలుగు? ‘మహిళా దర్శకుడు’, ‘మహిళా నాయకుడు’ అని ఈమధ్య తరచు చూస్తున్నాం. దర్శకురాలు, నాయకురాలు ఎక్కడికి పోయాయి? చేతిలో ఉన్న మాటను వాడటానికి ఇంత బద్ధకం పనికిరాదు.

ఇక గణిక. నాయక శబ్దానికి నాయిక వచ్చినట్టే గణకకు గణిక రావడం వ్యాకరణానికి సమ్మతమే. కానీ లోకం ఆ మాటను ఎప్పుడో వేరే అర్థానికి కట్టేసింది. అమరకోశం దాన్ని వారస్త్రీ, వేశ్య అనే మాటల పక్కన చేర్చింది. అడవిమొల్ల అనే అర్థమూ ఉంది గానీ మీకు దానితో పనిలేదు. మీ వ్యాసంలో ఈ మాట వద్దు.

అసలు మాట్లాడుకోవలసింది గణకి గురించి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, అందుకే ప్రమాదం. పాణిని ‘పుంయోగాదాఖ్యాయామ్’ అని ఒక సూత్రం చేశాడు. మగవాడితో సంబంధాన్ని బట్టి స్త్రీకి వచ్చే పేరును గురించిన సూత్రం అది. దానికి కాశికా వృత్తి అనే పాత వ్యాఖ్యానం ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ‘గణకీ’. అంటే గణకుడి భార్య! ఆవిడకు కూడిక వచ్చా, తీసివేత వచ్చా అన్నది ఆ మాటకు అక్కర్లేదు. మొగుడు లెక్కలు కడితే చాలు.

ఈ మాటను మీ ఆరుగురిలో ఒకరికి తగిలించి చూడండి. కే మెక్‌నల్టీ ఐర్లండ్‌లో పుట్టి, ఫిలడెల్ఫియాలో గణితం చదివి, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం కోసం కంప్యూటర్‌గా చేరింది. ఫిరంగి గుండు ఎంత వేగంతో, ఏ కోణంలో పోతే ఎక్కడ పడుతుందో లెక్కగట్టి పట్టికలు తయారుచేయడం వాళ్ల పని. తర్వాత ఎనియాక్‌కు ప్రోగ్రాములు కట్టింది. ఆ యంత్రాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన జాన్ మాక్లీని పెళ్లాడింది 1948లో. ఇప్పుడు ఆమెను గణకి అన్నారనుకోండి, శాస్త్రం తెలిసినవాడికి ‘మాక్లీ గారి భార్య’ అనే వినిపిస్తుంది. పెళ్లికి ముందే తన తెలివితో సంపాదించుకున్న పేరు భర్త ఖాతాలోకి పోతుంది. ఇంతకంటే అన్యాయం ఉందా?

మన రుగాగమం, అంటే ‘ఆలు’ ముందు అదనంగా వచ్చి చేరే ‘ర్’, అక్కరకొచ్చేది ఇక్కడే. గణక + ఆలు = గణకురాలు. ‘ఆలు అంటే భార్యే కదా, ఆలుమగలు అనడం లేదా, ఇదీ అదే తంతు కాదా?’ అని ఎవరైనా మిమ్మల్ని నిలదీయవచ్చు. కాదు. చిన్నయసూరి ఈ రుగాగమాన్ని చెప్పింది కర్మధారయంలో. గణకుడి ఆలు కాదు, గణక అయిన ఆలు. ఇక్కడ ఆలు అంటే స్త్రీ. లెక్క కట్టేది ఆవిడే. బీదరాలు బీదవాడి పెళ్లాం కానక్కర్లేదు, ధీరురాలు ధీరుడి పెళ్లాం కానక్కర్లేదు. మీరు మాత్రం? పాఠకురాలు అని సంతకం చేశారు. మీ ఇంట్లో ఇంకెవరో చదువుతున్నారని దాని అర్థం కాదు కదా!

ఆ ఆరుగురికి ఈ మాట ఎంత తగినదో చూడండి. యంత్రం ఎలా నడపాలో చెప్పే పుస్తకం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. యంత్రం నిర్మాణాన్ని చూపే పటాలు చేతికిచ్చారు, అంతే. వాటిని చదివి, తీగలు గుచ్చి, స్విచ్చులు తిప్పి ప్రోగ్రాము కట్టారు. 1946 ఫిబ్రవరిలో జనం ముందు ప్రదర్శన. ముందురోజు రాత్రి ఒక చిక్కు: గుండు నేలను తాకాక కూడా యంత్రం లెక్క ఆపడం లేదు, గుండు భూమిలోకి దూసుకుపోతున్నట్టే! బెట్టీ స్నైడర్ దాన్నే తలపోస్తూ పడుకుంది, పొద్దున వచ్చి ఒకే ఒక్క స్విచ్చు మార్చింది. గుండు గాల్లో 30 సెకన్లు ఉంటే, దాని దారి మొత్తాన్ని ఎనియాక్ 20 సెకన్లలో లెక్కగట్టింది. ప్రదర్శన రోజు రాత్రి జరిగిన విందుకు వీళ్లలో ఒక్కరినీ పిలవలేదు. వాళ్ల ఫోటోలు మాత్రం దశాబ్దాలపాటు పేర్లు లేకుండా తిరిగాయి. కాబట్టి మీ వ్యాసంలో మెక్‌నల్టీ, జెన్నింగ్స్, స్నైడర్, వెస్కాఫ్, బైలస్, లిక్టర్‌మన్ – ఆరు పేర్లూ రాయండి. ‘ఎనియాక్ అమ్మాయిలు’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి.

బహువచనంలో గణకులు అన్నా సరే, అది స్త్రీలకూ చెల్లుతుంది. గణకురాళ్లు కూడా తప్పు కాదు గానీ, పదేపదే వస్తే చెవికి కాస్త బరువు. గణకుడు అంటే జ్యోతిషుడు అనే అర్థం పాత పుస్తకాల్లో ఉంది కాబట్టి మొదటిసారి వాడిన చోట ‘లెక్కలు కట్టే ఉద్యోగిని’ అని వివరం ఇవ్వండి. ప్రోగ్రామర్‌ను మాత్రం ప్రోగ్రామర్‌గానే ఉంచండి, దానికి రాలు తగిలించే పని పెట్టుకోకండి.