జాగ్రఫీ అంటే అసలు ఏమిటి? మామూలు మాటల్లో ఎలా వాడతాం?

డిగ్రీలో జాగ్రఫీ తీసుకుంటానంటే ఇంట్లోవాళ్లు "దేశాలు, రాజధానులు బట్టీ పట్టడానికి మూడేళ్లెందుకు?" అన్నారని రాశారు. ఆ మాటకు అసలు అర్థమేమిటో, ఎక్కడెక్కడ ఎలా వాడతారో చెప్పమన్నారు. నేను జాగ్రఫీలో ఎమ్మే చేసి, అనంతపురం జిల్లాలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్తున్నాను. సొంతూరు నెల్లూరు వైపు.

నిఘంటువు అర్థం ఒక్క ముక్కలో తేలిపోతుంది. గ్రీకులో 'జియో' అంటే భూమి, 'గ్రాఫియా' అంటే రాయడం, వర్ణించడం. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న ఎరటోస్తనీస్ ఈ మాటను వాడుకలోకి తెచ్చాడంటారు. రెండు ఊళ్లలో పడే నీడల తేడాను బట్టి భూమి చుట్టుకొలత లెక్కగట్టిన మహానుభావుడు ఆయనే. మనం భూగోళ శాస్త్రం అన్నాం.

కానీ సబ్జెక్టుగా చూస్తే దానికున్నవి మూడు ప్రశ్నలు: ఎక్కడ? అక్కడే ఎందుకు? దానివల్ల అక్కడివాళ్ల బతుకు ఎలా ఉంది? మీ ఇంట్లోవాళ్లు చెప్పే రాజధానుల పట్టిక మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. అసలు రుచి రెండో ప్రశ్నతో మొదలవుతుంది.

మా నెల్లూరు, నేను పనిచేసే అనంతపురం, రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అయినా వాన సంగతికొస్తే ఒకదానికొకటి పొంతన లేదు. అనంతపురంలో జూన్ వచ్చిందంటే అందరి కళ్లూ ఆకాశం మీదే. మృగశిర పోయింది, ఆరుద్ర కూడా పోతోంది, విత్తనం వేయాలా వద్దా అని రైతులకు ఒకటే టెన్షన్. మా వైపు జూన్‌లో వాన పడలేదని ఎవరూ పెద్దగా దిగులు పడరు. మాకు వానంటే అక్టోబరు, నవంబరులే. వాయుగుండాలు, తుపాన్లు కూడా అప్పుడే. పెద్ద పంట వరి నాట్లు ఆ వానల తర్వాత పడతాయి, వేసవి మొదట్లో కోతలు.

కారణం చూడండి. నైరుతి గాలులు అరేబియా సముద్రం మీద నుంచి తడితో వచ్చి పడమటి కనుమల దగ్గరే చాలా భాగం కురిసేస్తాయి. కనుమలు దాటి లోపలికొచ్చేసరికి మిగిలింది తక్కువ. అనంతపురం ఆ వర్షచ్ఛాయలో పడింది. పోనీ ఈశాన్య రుతుపవనాలైనా ఆదుకుంటాయా అంటే, అవి బంగాళాఖాతం నుంచి వచ్చి మా నెల్లూరు తీరాన్ని తడిపి, తూర్పు కనుమలు దాటి ఇక్కడికి చేరేలోపు నీరసపడతాయి. రెండు వైపులా దూరమే. ఏడాదికి ఇక్కడ సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, నెల్లూరులో వెయ్యికి అటూ ఇటూ. అందుకే ఇక్కడ తేలికపాటి ఎర్ర నేలల్లో వేరుశనగ, అక్కడ కాలువల కింద వరి. అందుకే ఇక్కడ బోర్ల మీద అప్పులు, కరువొచ్చిన ఏడు బెంగళూరు బస్సులు కిటకిట. మూడో ప్రశ్నకు జవాబు ఇదే. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు నాలుగైదు మించవు.

క్లాసులో అట్లాసు తెరిచినప్పుడు పిల్లలు తప్పకుండా పట్టుకునేది గోదావరి దగ్గర. ఆ నది పుట్టే త్ర్యంబకేశ్వర్ మీద వేలు పెట్టించి, అరేబియా సముద్రం ఎంత దూరమో స్కేలుతో కొలవమంటాను. సుమారు 80 కిలోమీటర్లు వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, పక్కనే సముద్రం పెట్టుకుని ఇంత దూరం ఎందుకొచ్చింది సార్?" దక్కన్ పీఠభూమి పడమర ఎత్తుగా, తూర్పుకు వాలుగా ఉంది కాబట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మన వైపు వచ్చింది. ఆ వాలే లేకపోతే కోనసీమ లేదు, ధవళేశ్వరం ఆనకట్ట అవసరమూ లేదు. మరి నర్మద, తపతి పడమరకెందుకు పోతాయని వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. అవి పగులు లోయల్లో, అంటే నేల పగిలి మధ్య భాగం కుంగిన పల్లాల్లో, పారుతున్నాయని చెప్తే ఆ పీరియడ్ అక్కడితో సరి.

ఇక వాడుక సంగతి. సబ్జెక్టు పేరుగా 'జాగ్రఫీ', 'భూగోళ శాస్త్రం' రెండూ నడుస్తాయి. పాఠ్యపుస్తకాల్లో, పోటీ పరీక్షల మెటీరియల్‌లో రెండోది ఎక్కువ. 'భూగోళం' అని ఊరికే అంటే చాలామంది భూమి గుండ్రం బొమ్మ అనే అనుకుంటారు, కాబట్టి 'శాస్త్రం' చేర్చడమే మేలు. దీన్ని భూగర్భ శాస్త్రంతో కలిపేయకండి. అది రాళ్లు, ఖనిజాలు, భూమి పొరల సంగతి. ఖగోళం వేరే అని చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ పరీక్ష పేపర్లు దిద్దేవాణ్ని కాబట్టి చెప్తున్నాను.

విశేషణం కావాలంటే 'భౌగోళిక'. జిల్లా భౌగోళిక విస్తీర్ణం, భౌగోళిక పరిస్థితులు, భౌగోళిక రాజకీయాలు. 'జాగ్రఫికల్‌గా' అనడం మాటల్లో ఉంది, రాతలో 'భౌగోళికంగా' బాగుంటుంది. పేపర్లలో ఈ మధ్య బాగా కనిపించేది 'భౌగోళిక గుర్తింపు'. దీనికోసం 1999లో చేసిన చట్టం 2003 నుంచి అమల్లో ఉంది. పోచంపల్లి ఇక్కత్, తిరుపతి లడ్డు, బంగినపల్లి మామిడి లాంటివాటికి ఆ గుర్తింపు ఉంది. ఆ సరుకుకున్న పేరు ఫలానా ప్రాంతం వల్ల వచ్చిందని, ఇంకెక్కడో చేసి అదే పేరుతో అమ్మకూడదని దాని అర్థం. మన మూడు ప్రశ్నలూ చట్టం దాకా వెళ్లాయన్నమాట.

కోపంలో "నీ జాగ్రఫీ మార్చేస్తా" అనుకోవడం కూడా వాడుకే. అక్కడ మారేది ముక్కూ మొహమూ. దానికి డిగ్రీ అక్కర్లేదు.

చివరగా మీ అసలు బెంగ. ఈ సబ్జెక్టుకు ఇప్పుడు కంప్యూటర్ తోడైంది. ఉపగ్రహ చిత్రాలు చదవడం, జీఐఎస్‌లో, అంటే ఏ చోట ఏముందో ఆ వివరాలను మ్యాపుతో జోడించే కంప్యూటర్ పద్ధతిలో, మ్యాపులు తయారుచేయడం నేర్చుకుంటే వ్యవసాయం, నీటి వనరులు, పట్టణ ప్రణాళిక వైపు పనికొస్తుంది. హైదరాబాద్‌లోనే ఇస్రోవాళ్ల జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. వాళ్ల ఉపగ్రహ మ్యాపుల వెబ్‌సైట్ 'భువన్' తెరిచి మీ ఊరి చెరువు వెతికి ఇంట్లోవాళ్లకు చూపించండి, సగం వాదన అక్కడే తేలిపోతుంది. పీజీకి ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో జాగ్రఫీ విభాగాలున్నాయి. డిగ్రీ కాలేజీల్లో మాత్రం ప్రతిచోటా ఈ గ్రూపు దొరకదు. ఫీజు కట్టేముందు ఒకసారి కాలేజీకి వెళ్లి, జీఐఎస్ ల్యాబు ఉందో లేదో, ఉంటే దాని తాళం తీస్తారో లేదో సీనియర్లను అడగండి.