మీసాన్ల మీద పరిశోధన తిండి పెడుతుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మాయి ప్లస్ టూ సైన్సు చదువుతోంది. ఇంజనీరింగ్ వద్దు, మీసాన్ రెజొనెన్సుల మీద పరిశోధన చేస్తానంటోంది. ఒప్పుకోమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఒప్పుకోండి. కాకపోతే ముందు ఆ పని రుచి చూడనివ్వండి.

మీసాన్లంటే పరమాణువు కన్నా ఎంతో చిన్న కణాల్లో ఒక రకం. వాటిలో పుట్టీ పుట్టగానే విరిగిపోయేవి రెజొనెన్సులు. ఉదాహరణకి రో మీసాన్ ఆయుష్షు ఎంతంటే, దశాంశ బిందువు తర్వాత 23 సున్నాలు పెట్టి 4 రాయాలి, అన్ని సెకన్లు. ఏ డిటెక్టరుకీ అది నేరుగా చిక్కదు. అది విరిగితే వచ్చే రెండు పయాన్ల (ఇవీ మీసాన్లే, తేలికవి) శక్తినీ ద్రవ్యవేగాన్నీ కొలిచి, తల్లి కణం ద్రవ్యరాశి లెక్కగడతారు. అలాంటి ఘటనలు లక్షల్లో గ్రాఫుకెక్కిస్తే 770 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశిని చెప్పే కొలమానం) దగ్గర మూపులా లేస్తుంది. మూపు ఎంత వెడల్పైతే కణం అంత అల్పాయుష్షుది. అసలు కష్టం ఆ తర్వాతే. లేచిన ప్రతి మూపూ కొత్త కణం కాదు. పక్కపక్క రెజొనెన్సులు కలగలిసిపోతాయి, వేరే ఘటనలూ అడ్డొస్తాయి. జపాన్‌లోని బెల్ ప్రయోగంలో 2003లో దొరికిన ఎక్స్(3872) అనే కణం లోపలి నిర్మాణమేమిటో ఇప్పటికీ తేలలేదు.

అంటే రోజువారీ పనంతా ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్. జెనీవా దగ్గరున్న కణభౌతిక ప్రయోగశాల సెర్న్ తన డేటాలో కొంత ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. రెండు మ్యూయాన్ల (ఎలక్ట్రాన్ లాంటివే, ఇంకా బరువైన కణాలు) ఘటనల ఫైలు దించుకుని, పైథాన్‌లో గ్రాఫు గీయమనండి. 3.1 జీఈవీ (వెయ్యి ఎంఈవీలు ఒక జీఈవీ) దగ్గర సన్నగా, నిటారుగా లేచేది జే/సై మీసాన్. అది కనబడ్డాక ఇంకా లోతుకు పోవాలనిపిస్తే ఈ దారి ఆమెదే. విసుగొస్తే ఇప్పుడే తెలిసిపోవడం మంచిది.

చదువుకి దూరం పంపక్కర్లేదు. మీ దగ్గర్లోనే బరంపురంలో ఐసర్ ఉంది, భువనేశ్వర్ దగ్గర జట్నీలో నైసర్ ఉంది. రెండూ సైన్సు చదువుకీ పరిశోధనకీ పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థలు. నైసర్ వాళ్లు సెర్న్ ప్రయోగాల్లో పాల్గొంటున్నారు కూడా. రెండు చోట్లా ప్లస్ టూ తర్వాత ఐదేళ్ల కోర్సు. ప్రవేశ పరీక్షలుగా నైసర్‌కి నెస్ట్, ఐసర్‌కి ఐఏటీ రాయాలి. ఐఏటీలో బయాలజీ ప్రశ్నలూ ఉంటాయి, లెక్కల పిల్లలు చాలామంది అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

ఇక తిండి సంగతి. ఆ పైన పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో ఫెలోషిప్ వస్తుంది. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, ఇది దాచను. అయితే పరిశోధనలో ఉండలేకపోయినా డేటా సైన్స్, బ్యాంకింగ్ రంగాలకు కావలసింది ఈ పనితనమే. ఇంజనీరింగ్ సీటు మీద బెంగ ఉంటే జేఈఈ కూడా రాయించండి, సిలబస్ చాలావరకు ఒకటే.