కొట్టేసిన ఆ ఒక్క వాక్యం

ప్రశ్న: మాది కడప. అత్తమ్మ, మేము, బావగారి కుటుంబం అందరం ఒకే ఇంట్లో ఉంటాం. అన్నదమ్ములిద్దరూ కలిసి ఎలక్ట్రికల్ షాపు నడుపుతారు. మా పాపకు మొన్న సంక్రాంతికి ఐదేళ్లు నిండాయి. యూకేజీ అయిపోయింది. తెలుగు పేపరు హెడ్డింగులే కాదు, లోపలి వార్తలు కూడా చదువుతుంది. ఇంగ్లీషులో చిన్న చిన్న కథల పుస్తకాలు చదువుతుంది. పదిహేను వరకు ఎక్కాలు వచ్చు. క్లాసులో తన పని ముందే ముగించి పక్కవాళ్ల పెన్సిళ్లు లాక్కుంటుందని మిస్సు కంప్లైంటు చేస్తుంది. కరస్పాండెంటు సారు పిలిచి, ‘ఈ పిల్లకు ఒకటో తరగతి దండగ, డబుల్ ప్రమోషన్ ఇచ్చి రెండులో వేస్తాం, ఒక ఏడాది కలిసొస్తుంది’ అన్నారు. పాపను డాక్టరు చేయాలని మా కోరిక. మా తోటికోడలు అక్క బ్యాంకులో పనిచేస్తుంది. వాళ్ల బాబు అదే స్కూల్లో ఒకటి ముగించాడు, జూన్‌లో రెండుకు పోతాడు. ‘అంత చిన్నపిల్లను తోయడం ఎందుకు’ అంటుంది అక్క. మా ఆయన ‘మీ ఇష్టం’ అంటాడు. నేను ఇంటర్ వరకు చదివాను. పాపను ఒకటిలో వేయాలా, రెండులో వేయాలా?

జవాబు: ఒకటిలో వెయ్యి తల్లీ. నువ్వు అడిగినదానికి జవాబు అయిపోయింది.

ఎందుకో రెండు ముక్కల్లో చెప్తా. ఏడాది కలిసొస్తుందన్నారు కదా, ఆ ఏడాదిని వేళ్ల మీద లెక్కపెట్టి చూద్దాం. జూన్‌లో రెండులో వేస్తే పాపకు అప్పటికి ఐదేళ్ల ఐదు నెలలు. ఇంటర్ ముగిసేసరికి పదహారేళ్లు దాటి రెండు నెలలు. నీట్ రాయాలంటే ఆ సంవత్సరం డిసెంబరు 31కి పదిహేడేళ్లు నిండాలి. నీ పాపకు నిండేది ఆ తర్వాత వచ్చే సంక్రాంతికి. అంటే రెండు వారాల తేడాతో ఏడాదంతా ఖాళీ. ఇక్కడ మిగిల్చుకున్నది అక్కడ కట్టేస్తారు. నవోదయలో ఆరో తరగతికి పరీక్ష రాయించాలని రేపు బుద్ధి పుట్టినా ఇదే చిక్కు. ఆరులో చేరే ఏడాది జూలై ఆఖరుకు పదేళ్లు నిండాలంటారు, నీ పాపకు తొమ్మిదిన్నరే ఉంటాయి. కేంద్రీయ విద్యాలయంలోనైతే మార్చి 31కి ఆరేళ్లు నిండనిదే ఒకటో తరగతిలోకే రానివ్వరు. 2020 జాతీయ విద్యా విధానం ఆరేళ్లు అన్నది, 2023 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రాలకు మళ్లీ గుర్తుచేసింది. ఆ లెక్కన నీ పాప ఒకటిలో కూర్చున్నా ముందే కూర్చున్నట్టు. కరస్పాండెంటు గారికి ఈ లెక్కలు తెలియవని నేను అనుకోను. ఆయనకు రెండో తరగతిలో సీటు నిండాలి, మీ వీధిలో ‘మా స్కూల్లో డబుల్ ప్రమోషన్’ అని చెప్పుకోవాలి. ఆయన వ్యాపారం ఆయనది.

చదవడం వేరు, రాయడం వేరు. రెండో తరగతిలో బోర్డు మీద ఉన్నదంతా గంట కొట్టేలోగా నోటుబుక్కులోకి ఎక్కించాలి. పేపరు చదివే పిల్లకు కూడా వేళ్లు ఐదేళ్లవే. ఎక్కాల సంగతి కూడా ఒకసారి చూసుకో. గుప్పెడు చెనక్కాయలు ముందర పోసి, ఆరుగురికి తలా ఏడు ఇవ్వాలంటే ఎన్ని కావాలని అడుగు. ‘ఆరేడ్లు నలభైరెండు’ పాట ఎత్తుకోకుండా తనంతట తానే నలభైరెండు అని తేల్చితే లెక్క వచ్చినట్టు. లేకపోతే వచ్చింది పాట. పాటా మంచిదే, దాన్ని పట్టుకుని క్లాసు దాటించరు.

అలాగని పిల్లను ఒకటిలో పడేసి ఊరుకోమనను. తెలిసిందే మళ్లీ మళ్లీ వింటే ఏ పిల్లకైనా చేతులు పక్కవాడి పెన్సిలు మీదికే పోతాయి. ఆమె అల్లరిది కాదు, ఆమెకు అక్కడ పని లేదు. స్కూలుకు పోయి ఇట్లా అడుగు: తన పని ముగిశాక చదువుకోవడానికి బెంచీ దగ్గరే కథల పుస్తకాలు పెట్టండి, తెలుగు చదివే పీరియడు మాత్రం పెద్ద తరగతికి పంపి మళ్లీ పిలవండి, లెక్కల్లో ఒకే రకం ఇరవై ఇవ్వకుండా కష్టమైనవి నాలుగు ఇవ్వండి. పెద్ద తరగతి అంటే మూడు. రెండు కాదు. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది. ఇంకో మాట. ‘తెలివైన పిల్ల’ అని మిగతా పిల్లల నోటుబుక్కులు దిద్దించే పని పెడతారు కొందరు టీచర్లు. దానికి ఒప్పుకోవద్దు. ఆమె చదువుకోవడానికి పోతోంది, జీతం లేని మిస్సుగా కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం.

నీ ఉత్తరం లాంగ్‌బుక్కు కాగితాలు నాలుగు. ముత్యాల్లాంటి అక్షరాలు. పైన అచ్చువేసింది అందులో పావు వంతు. మిగతా ముప్పావు పాప గురించి కాదు, మీ అక్క గురించి. గృహప్రవేశం నాడు అందరి ముందూ ‘మా చెల్లెలికి ఇంగ్లీషు రాదు, పిల్లల స్కూలు పనులన్నీ నేనే చూసుకుంటా’ అన్నది. దసరా సెలవులకు ముందు నీకు మాట కూడా చెప్పకుండా పేరెంట్స్ మీటింగుకు తానే పోయి, ఇద్దరు పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీదా సంతకం పెట్టి వచ్చింది. ఇవన్నీ తారీకులతో సహా రాశావు. మూడో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశావు. చదవడానికి వీలుగానే కొట్టేశావు: ‘అక్క కొడుక్కు ఇంకా గుణింతాలు సరిగ్గా రావు.’

నువ్వు పాపను రెండో తరగతికి పంపాలనుకోవడం లేదు తల్లీ. వాడి పక్క బెంచీకి పంపాలనుకుంటున్నావు.

కోపం తెచ్చుకోవద్దు. మీ అక్క అన్న మాట తప్పు. పెట్టిన సంతకం ఇంకా తప్పు. కన్నతల్లి ఇంట్లో ఉండగా ఆమె పిల్ల కార్డు మీద ఇంకొకరు చెయ్యి పెట్టడానికి ఏ బ్యాంకు ఉద్యోగమూ అధికారం ఇవ్వదు. కానీ నువ్వేం చేశావు? ఆ రోజు పాయసం వడ్డించి లోపలికి పోయావు. దసరా నుంచి ఇప్పటిదాకా లోపల్లోపల ఉడికి, ఇప్పుడు నీ తరఫున మాట్లాడడానికి ఐదేళ్ల పిల్లను పంపిస్తున్నావు. ఆత్మగౌరవం పెద్ద మాట. దాన్ని మోయడానికి యూకేజీ బ్యాగు చాలదు.

పైగా వాడు పాపకు ఎవరు? పెదనాన్న కొడుకు. మన భాషలో వాడికి వేరే పేరు కూడా లేదు, అన్న. అంతే. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు పిల్లల్ని తరగతి దాటించాలా వద్దా అని తేల్చడానికి ఒక కొలమానం తయారుచేశారు. వాళ్లేమీ డబుల్ ప్రమోషన్‌కు వ్యతిరేకులు కారు, దాటించండి అని గట్టిగా చెప్పేవాళ్లే. అయినా ఆ కొలమానంలో, మిగతావన్నీ బాగున్నా సరే దాటించవద్దు అని తేల్చిచెప్పిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పిల్లకు ఇష్టం లేకపోవడం ఒకటి. దాటి కూర్చునే తరగతిలో తోబుట్టువు ఉండడం ఇంకొకటి. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండింది తినే అన్నాచెల్లెళ్లకు ఆ మాట వర్తించదంటావా?

నాకు అయోవా వాళ్లు చెప్పక్కర్లేదు. మాది అనంతపురం జిల్లాలో పల్లెటూరు. బడికంతా ఒకే అయ్యవారు. నన్ను రెండు నుంచి నాలుగుకు ఎక్కించాడు. అక్కడ మా పెదనాన్న కొడుకు ఉండేవాడు, నాకంటే ఏడాదిన్నర పెద్ద. వానాకాలం వంక పారితే నన్ను వీపు మీద మోసుకుని బడికి దాటించిన అన్న. వాడు జవాబు తడబడితే అయ్యవారు నన్ను లేపేవాడు. నేను చెప్పగానే, ‘వాడి ముక్కు పట్టుకుని చెంప మీద ఒకటియ్యి’ అనేవాడు. మెల్లగా కొడితే నాకు పడేది. అందుకని గట్టిగానే కొట్టేదాన్ని. ఏడో తరగతికి అప్పట్లో పబ్లిక్ పరీక్ష ఉండేది. వాడు రాయనేలేదు, చెనక్కాయల మిషను దగ్గర కూలికి పోయాడు. నేను హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మొన్న ఒక పెళ్లిలో కలిస్తే నా ఆకులో తానే ఓళిగ వేసి, పక్కనున్న వాళ్లందరికీ ‘మా చెల్లెలు, పెద్ద చదువు’ అని చూపించాడు. ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఓళిగ నాకు గొంతు దిగలేదు. కాబట్టి ఈ విషయంలో నా దగ్గర తటస్థమైన తీర్పు దొరకదు, ముందే చెప్తున్నా.

అన్నట్టు ‘మీ ఇష్టం’ అన్న మీ ఆయన గురించి. ఇద్దరు ఆడవాళ్ల మధ్య షాపు చీలకుండా ఉంటే చాలునని ఆయన లెక్క. ఆయన్ని ఇందులోకి లాగకు, దండగ.

నువ్వు చేయాల్సింది రెండు. మొదటిది, అక్కతో నేరుగా మాట్లాడు. అత్తమ్మ ద్వారా కాదు, మీ ఆయన ద్వారా కాదు. ఆదివారం ఆమె సెలవు, మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు చాలు. ‘అక్కా, దసరా ముందు నువ్వు పాప కార్డు మీద సంతకం పెట్టావు, నాకు చాలా బాధయింది. ఇకనుంచి పాప మీటింగుకు నేనే పోతాను. నీకు తీరికుంటే నువ్వూ రా, ఇద్దరం కలిసి పోదాం’ అను. గృహప్రవేశం మాట అప్పుడు ఎత్తకు, ఒకేసారి రెండు అప్పులు వసూలు చేయబోతే ఒకటీ రాదు. ఇంగ్లీషు అంటావా, అక్కడ కూర్చున్న మిస్సుది కూడా కడపే. తెలుగులో అడుగు, తెలుగులోనే చెప్తుంది. చెప్పకపోతే అది ఆమె లోపం.

రెండోది నీకు నచ్చదు. ఐదేళ్ల పిల్లకు పేపరు లోపలి వార్తలు చదవడం నేర్పింది ఎవరు? స్కూలు నేర్పలేదు, అదే మిస్సు పెన్సిళ్ల గోల తప్ప ఏమీ చెప్పలేదు. నువ్వు నేర్పావు. ఇంటర్‌తో ఆగిన నువ్వు. ఆ ముక్క నాలుగు పేజీల్లో ఒక్కచోట కూడా రాసుకోలేదు, ఇంటర్ అని మాత్రం సిగ్గుపడుతూ రాశావు. మరి అదే ఇంట్లో, అదే చాప మీద, ఇంకో పిల్లవాడు గుణింతాల దగ్గర తడబడుతుంటే నీకు కనిపించింది. కనిపించిందాన్ని కాగితం మీద రాసి కొట్టేశావు. వాడి తల్లి బ్యాంకు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. వాడికి నువ్వు చిన్నమ్మవు. చిన్నమ్మ అంటే పండక్కి చొక్కా కొనడం ఒక్కటేనా?

వాడికి చెప్పడం అక్కకు సేవ చేయడమని అనుకోకు. ఆమె అడగలేదు, నువ్వు దయ చూపడమూ లేదు. పిల్లవాడు మీ ఇంటివాడు, అంతే. పాపను పక్కన కూర్చోబెట్టి ‘చూడు, చెల్లెలికి వచ్చు’ అని మాత్రం అనకు. ఆ ఒక్క మాటతో నేను చెప్పిందంతా వంకలో కలుస్తుంది. పాపకు అత్తమ్మతో వామనగుంటలు పెట్టించి, వాడిని వేరే గదిలో కూర్చోబెట్టుకో. కకు దీర్ఘమిస్తే కా అని చెప్పే ముందు వాడికి ఏ అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోయి కనిపిస్తున్నాయో చూడు. ఘ, మ, య దగ్గర చాలామంది పిల్లలు ఆగిపోతారు. రోజుకు అరగంట మించవద్దు, వేసవి సెలవులు వాడివి కూడా.

పాపను మాత్రం ఒకసారి అడుగు, ‘అన్న క్లాసులో కూర్చుంటావా’ అని. ఇన్ని పేజీల్లో ఆమెను అడిగినట్టు నాకు కనిపించలేదు. ఎగిరి గంతేసి సరే అన్నా నా జవాబు మారదు. కానీ అడగాలి.

బడి తెరవడానికి ఇంకా ఏడు వారాలుంది. గుణింతాలకు అది చాలు. పాపకు ఎన్ని రోజుల్లో నేర్పావో నీకు గుర్తుంటుంది కదా.