రియోకాన్‌లో శాకాహారం, అమ్మగారి స్నానం సంగతి

జపాన్‌లోని హకోనేలో రియోకాన్ (అక్కడి సంప్రదాయ సత్రం లాంటి హోటల్) బుక్ చేశాం, మేం శాకాహారులం, పదిమందిలో బట్టల్లేకుండా స్నానమంటే అమ్మకు టెన్షన్ అన్నారు కదా. స్నానం పెద్ద సమస్య కాదండీ. చాలాచోట్ల ‘కాషికిరి’ అని కుటుంబానికి విడిగా ఇచ్చే స్నానపు గది ఉంటుంది. చెకిన్ కాగానే టైము రాయించుకోండి. తొట్టిలో దిగేముందు పక్కనే చిన్న పీట మీద కూర్చుని ఒళ్లు రుద్దుకోవాలి, సబ్బు నురగ తొట్టిలోకి రాకూడదు.

అసలు చిక్కు తిండితోనే. ముక్క కనబడకపోయినా సూప్‌లో, ఉడికించిన కూరల్లో ‘దాషి’ ఉంటుంది. అది ఎక్కువగా ఎండుచేప పొరలు వేసి కాచిన నీళ్లు. అందుకే ‘శాకాహారం’ అంటే చాలదు. ‘చేప దాషి కూడా వద్దు, కొంబు నాచుతో చేసింది పర్లేదు’ అని ఇవాళే మెయిల్ పెట్టండి. వెళ్లాక చెబితే కష్టం. కుదరదంటే భోజనం లేని ‘సుదొమారి’కి మార్చుకోండి.

అన్నట్టు, యుకాతా (రియోకాన్‌లో వేసుకునే పలచటి నూలు కిమోనో) కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేసేది అక్కడ శవానికి!